చుక్క పెట్టిన మాట

కోదాడ నుంచి ఫోను పొద్దున ఎనిమిదింటికి వచ్చింది. మా చిన్నమ్మ తమ్ముడి కోడలు చేసింది.

"అక్కా, పెద్దత్తయ్య తెల్లవారుజామున పోయింది. నిద్రలోనే. మీకే ముందు చెప్తున్నా."

ఇలాంటప్పుడు మనుషులు ఏమేమో అడుగుతారు. నేను "చాయ్ తాగిందా?" అని అడిగాను. "పోసి పెట్టా అక్కా. అట్లాగే ఉంది" అంది ఆ పిల్ల.

తొంభై దాటిన మనిషి పోతే ఏడవకూడదని ఎవరు పెట్టారో గానీ, ఆ రోజు కోదాడలో ఎవరూ ఏడవలేదు. వచ్చినవాళ్లందరూ మంచి చావు అన్నారు. నేనూ తల ఊపాను. నాకు మాత్రం లోపల చాలా ఒంటరిగా ఉంది. సూర్యాపేటలో మా పాత ఇంటి వసారాను కళ్లతో చూసినవాళ్లలో ఇక నేనొక్కదాన్నే మిగిలాను. పైగా, ఆమెకు చెప్పాల్సిన మాట ఒకటి ఎన్నో ఏళ్లుగా నా దగ్గరే ఉండిపోయింది. అదేమిటో మీకు తెలియాలంటే ముందు ఆమె సంగతి చెప్పాలి.

ఆమె మా నాయన తమ్ముడి భార్య, నాకు చిన్నమ్మ. పెళ్లై మా ఇంటికి వచ్చేనాటికి పదిహేడేళ్లు ఉంటాయేమో. నలభైల చివరి మాట ఇది. మా సూర్యాపేట నిజాం ఏలుబడిలో ఉండేది. ఆమె పుట్టిన నడిగూడెం మాత్రం ఇంగ్లీషువాళ్ల ఏలుబడిలోని ఊరు. బండి కడితే ఒక్క రోజు ప్రయాణం, కానీ సర్కారు వేరు, బడి వేరు. అక్కడి బడిలో ఆమె ఐదో తరగతి దాకా తెలుగు చదువుకుంది. మా అన్నా నేనూ పోయే బడిలో చదువంతా ఉర్దూ. మా తాతకు అదొక దిగులు.

"బడిల ఉర్దూ సదువుతున్నరు, మంచిదే. తెలుగు ఎవలు జెప్పాలె మరి? కోడలు పిల్లకు వచ్చుగద, ఇంట్ల ఆమెనే జెప్తది" అన్నాడు ఒక రోజు.

అలా కొత్త కోడలు మాకు పంతులమ్మ అయింది. రోజూ సాయంత్రం బడి నుంచి రాగానే వసారాలో కూర్చునేవాళ్లం. ముందు దొండాకు నలిపి ఆ పసరుతో పలకలు తుడవాలి. అవి ఆరేదాకా బలపం ముట్టుకోకూడదు. ఆరాక పలక పై వరుసలో ఆమె ఒక మాట రాసి ఇచ్చేది. అది ఒరవడి. దాని మీదనే బలపం పెట్టి, గీత తప్పకుండా, పదిసార్లు దిద్దాలి. తర్వాత కింద సొంతంగా రాయాలి. రాసినదాంట్లో తప్పులుంటే వాటినీ దిద్దాలి. ఒరవడిని దిద్దడం వేరు, తప్పును దిద్దడం వేరు. ఉన్నదాన్ని ఉన్నట్టు నిలబెట్టడం ఒకటి, మార్చడం ఇంకొకటి. రెంటికీ తెలుగులో ఒకే మాట. దీన్ని మీరు కొంచెం గుర్తుపెట్టుకోండి, నాకు ముందుముందు పని ఉంది.

ఆమె అరిచేది కాదు, కొట్టేది కాదు. మేం తొందరపడి తలకట్లు వదిలేస్తే, "తలకట్టు పెట్టకుండా అక్షరాన్ని బయటికి పంపకండి, ఎండకు మాడిపోతుంది" అనేది. మా అన్న బలపం నొక్కి కీచుమనిపిస్తే, "మెల్లగా నాయనా, దానికి నొప్పి పుడుతోంది" అనేది. ఇప్పటికీ నేను సంతకం పెట్టేటప్పుడు తలకట్టు మరిచిపోతే వెనక్కి వచ్చి పెడతాను. బ్యాంకు పిల్లలు నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

అన్నిటికంటే పెద్ద తంటా చ తోటి వచ్చింది. ఆమె మాటలు చెప్పి రాయించేది. చెట్టు, చేను, చలి, చుక్క. ఆమె నోట చెట్టు వినబడేది, మా చేత్తో సెట్టు పడేది. వాకిట్లో మాకు తెలిసినది సెట్టే మరి. ఆమె సెట్టును కొట్టేసి మళ్లీ రాయించేది. పక్కనే చేటలో బియ్యం ఏరుకుంటున్న మా నాయనమ్మకు ఇది గిట్టలేదు.

"సెట్టును సెట్టనకపోతే ఏమనాలె? మీ నడిగూడెంల సెట్లకు కొమ్ములుంటయా?" అంది. "నేను మాట్లాడేటియన్ని తప్పులేనాయె. పోరగాండ్లు రేపు నన్ను గూడ కొట్టేస్తరు."

చిన్నమ్మ తల దించుకుంది. అత్తకు ఎదురు చెప్పే కాలం కాదు, చెప్పే మనిషీ కాదు. మర్నాడు మేం రాసిన సెట్టును కొట్టేయలేదు. దాని పక్కన బలపంతో చిన్న చుక్క పెట్టింది.

"చుక్క పెడితే అది నోటి మాట అని గుర్తు. దాని కింద రాత మాట రాయండి. రెండూ ఉండనీ" అంది.

నాయనమ్మకు చదువు రాదు, కానీ చుక్కలు లెక్కపెట్టడం వచ్చు. రోజూ చీకటి పడబోతుంటే వచ్చి, మా పలకలు వంచి చూసి, "ఇయ్యాల నా మాటలెన్ని?" అని అడిగేది. ఎక్కువ చుక్కలుంటే సంబరంగా లోపలికి పోయేది. నేను చుక్కలు తగ్గించుకోవాలని చూసేదాన్ని, ఆమె పెరగాలని చూసేది. మధ్యలో చిన్నమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. మేం ఆమెను సిన్నమ్మ అనే పిలిచేవాళ్లం, చిన్నమ్మ అని రాసేవాళ్లం. "పిలవడానికి సిన్నమ్మ, రాయడానికి చిన్నమ్మ. ఇద్దరూ నేనే" అనేది.

మా చిన్నాయన అప్పుడు మిర్యాలగూడలో వడ్ల మిల్లులో లెక్కలు రాసే మున్షీ. ఆయన చదువంతా ఉర్దూలోనే అయింది. తెలుగు మాట్లాడటమే తప్ప ఒక్క అక్షరం రాదు. ఆయన దగ్గరి నుంచి వచ్చే కార్డులు తాత పేరున, ఉర్దూలో వచ్చేవి. తాత ముందరి అర్రలో కూర్చుని పైకి చదివేవాడు. ఇక్కడ క్షేమం, అక్కడ అందరూ క్షేమమని తలుస్తాను. ఆ కాసేపూ చిన్నమ్మ తలుపు వెనక నిలబడేది. ఆ 'అందరూ'లో తనకు వచ్చేది ఎంతో అంత తీసుకుని మళ్లీ పొయ్యి దగ్గరికి పోయేది. ఆమె రాస్తే ఆయన చదవలేడు, ఆయన రాస్తే ఆమె చదవలేదు. పెళ్లైన మొగుడూ పెళ్లాల మధ్య ఒక్క అక్షరం కూడా నడవని ఇల్లు మాది.

పీర్ల పండుగకు మిల్లు మూసినప్పుడు ఆయన ఇంటికి వచ్చాడు. మొదటి సాయంత్రం దూరంగా మంచం మీద కూర్చుని మా రాతలు చూశాడు. రెండో సాయంత్రం మా అన్న పాత పలక తీసుకుని మా వరుస చివర కూర్చున్నాడు. చిన్నమ్మ చెవులు ఎర్రబడ్డాయి. మూడో పలక మీద కూడా ఒరవడి పెట్టింది. ఆయన దాన్ని శ్రద్ధగా దిద్దాడు. తర్వాత సొంతంగా రాయమంటే పలక కుడి చివర బలపం ఆనించి, అక్కడి నుంచి ఎడమకు రాసుకుంటూ వచ్చాడు. పలక అని రాయాల్సింది కలప అయింది. మా అన్న పడి పడి నవ్వాడు.

ఆ రోజుల్లో నలుగురిలో భర్తతో సూటిగా మాట్లాడరు. చిన్నమ్మ నా వైపు తిరిగి, "మీ చిన్నాయనకు చెప్పు తల్లీ, తెలుగు ఎడమ నుంచి మొదలవుతుందని" అంది.

"మీ సిన్నమ్మకు జెప్పు బిడ్డా" అన్నాడు ఆయన, తల ఎత్తకుండానే. "బండి ఎటు మల్పినా నేను ఆమె కాడికే వస్త."

నేను చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

ఆయన ఉన్నది ఐదు రోజులు. ఋ దగ్గర ఆగి, "దీనికి ఇన్ని కాళ్లెందుకు, ఏడికి నడిసిపోతదట?" అని అడిగాడు. పోయేటప్పుడు చిన్నమ్మ ఒక నోటు పుస్తకం ఇచ్చింది. పేజీకొక మాట పైన రాసి, కింద ఆయన కోసం ఖాళీ వదిలింది. నేను తిప్పి చూశాను. నీళ్లు, అన్నం, దారి, ఇల్లు. ఆఖరి పేజీలో ఒకటే మాట. వస్తాను.

ఆ తర్వాత దారులు చెడిపోయాయి. ఆ గడబిడ రోజుల గురించి పెద్దవాళ్లు చాలా రాశారు, నేను రాయడానికేం లేదు. మాకు తెలిసిందల్లా బండ్లు నడవడం తగ్గిందని, కార్డులు రావడం ఆగిందని. తాత చదవడానికేమీ లేకపోయినా చిన్నమ్మ ఆ వేళకు తలుపు వెనక్కి వచ్చి నిలబడేది.

ఒక మధ్యాహ్నం మిర్యాలగూడ వైపు నుంచి ఎట్లా వచ్చాడో ఒక బండాయన మా వాకిట్లో ఆగాడు. నేనే ఎదురుపోయాను. రొంటిలోంచి చిన్నగా మడిచిన కాగితం తీసి, "ఇది మీ సిన్నమ్మకంట. ఆమె సేతికే ఇయ్యి బిడ్డా, పెద్దాయనకు గాదు" అన్నాడు.

పెన్సిలుతో రాసిన నాలుగు వరుసలు. అక్షరాలు మా అన్న అక్షరాల కంటే పెద్దవి, నా అక్షరాల కంటే వంకరవి. ఆమె వంటింటి గడపలో నిలబడి చదువుకుంది. తర్వాత నాకు చదివి వినిపించింది. ఇంకెవరికి వినిపిస్తుంది? అందుకే నాకు ఇప్పటికీ నోటికి వచ్చు.

నీకు నేను రాస్తున్న. ఎడమ దిక్కు నుంచే మొదలు పెట్టిన. ఈడ మంచిగనే ఉన్న. నిన్ను సూడాలని ఉన్నది.

ఎడమ దిక్కు అన్నచోట నవ్వింది. నాలుగో వరుస చదివి నవ్వలేదు. ఆ రోజు పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది.

మిలిటరీ వచ్చింది, గడబిడ తగ్గింది, పోయినవాళ్లు ఒక్కొక్కరే ఇళ్లకు చేరారు. మా చిన్నాయన రాలేదు. తాత రెండుసార్లు మిర్యాలగూడ పోయి వచ్చాడు. మిల్లు మూసి ఉంది. ఒకరు ఆయన్ను కృష్ణ దాటుతుంటే చూశామన్నారు, ఒకరు అసలు చూడలేదన్నారు. ఏడాది గడిచాక చుట్టాలు చిన్నమ్మ బొట్టు గురించి గుసగుసలు మొదలుపెట్టారు. నాయనమ్మ చేట విసిరికొట్టి లేచింది.

"పీనుగను సూడకుండ బొట్టు ఎట్ల తీపిస్తరు? నా కొడుకు వస్తడు. ఆమె బొట్టు జోలికి వస్తే సూడుండ్రి" అంది.

అలా ఆ బొట్టు ఉండిపోయింది. మొన్న కోదాడలో ఆమెను ఆఖరిసారి చూసినప్పుడు కూడా నుదుటి మీద ఉంది. తొంభై దాటిన ముఖం మీద పదిహేడేళ్ల పిల్ల పెట్టుకున్న బొట్టు.

ఇక నేను చేసిన పని.

ఆ కాగితాన్ని ఆమె రవికలో పెట్టుకుని తిరిగేది. చెమటకు పెన్సిలు రాత చెరుగుతూ వచ్చింది. ఒక మధ్యాహ్నం నాయనమ్మ కునుకు తీస్తుంటే నన్ను వంటింటి వెనక్కి పిలిచింది. కాగితం, సిరాబుడ్డి, కలం ముందే పెట్టి ఉన్నాయి. కాగితాన్ని వెలుతురుకు పట్టి చూస్తే తప్ప అక్షరాలు కనబడటం లేదు.

"దీని మీద సిరాతో దిద్దుతావా తల్లీ?"

"నువ్వే దిద్దుకో సిన్నమ్మా. నీ రాత మంచిగుంటది గద" అన్నాను.

"అందుకే వద్దు. నేను దిద్దితే నా రాత అయిపోతుంది. నీకింకా నీ రాత అంటూ రాలేదు. ఉన్నది ఉన్నట్టు దిద్దుతావు."

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఆమె అంత నమ్మి ఒక పని చెప్పడం అదే మొదటిసారి. ఊపిరి బిగబట్టి దిద్దాను. మొదటి వరుస, రెండో వరుస, మూడో వరుస, వంకరను వంకరగానే దిద్దాను. నాలుగో వరుసలో సూడాలని వచ్చింది. రెండు నెలలుగా నా పలక మీద ఒక్క చుక్క పడలేదు, నాకు చ అంత బాగా వచ్చేసింది. చిన్నాయన తప్పు రాశాడు, చిన్నమ్మ చూసుకోలేదు అనుకున్నాను. దిద్దమంది కదా. దిద్దాను. స మీద చ ఎక్కించి, తలకట్టు కూడా చక్కగా పెట్టి, మెచ్చుకుంటుందని కాగితం చేతికిచ్చాను.

ఆమె వేలు మాటల మీదుగా నడిచింది. నాలుగో వరుసలో ఆగింది. పెదవులు కదిలాయి. మళ్లీ మొదటి నుంచి చదువుకుని మళ్లీ అక్కడే ఆగింది.

"ఆయన ఇట్లా అనరు" అంది. నాతో కాదు.

తర్వాత నా తల నిమిరి, "బాగా రాశావు" అంది. కాగితం ఆరేదాకా పట్టుకుని, మడిచి లోపల పెట్టుకుని, నీళ్లు తోడటానికి బావి దగ్గరికి పోయింది. బిందె నిండింది. నిండి పొర్లుతున్నా తోడుతూనే ఉంది. నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. ఏదో తప్పు జరిగిందని తెలిసింది, ఏం తప్పో తెలియలేదు.

తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. నాయనమ్మ పోయాక, ఆమె మాట మా ఇంట్లో ఎవరి నోటా వినబడని ఒక రోజున తెలిసింది. ఆ కాగితంలో చిన్నాయన నోరు ఉండేది. ఆ నోటితో ఆయన తన భార్యతో అన్న ఒకే ఒక్క ముద్దు మాట అది. దాన్ని నేను పుస్తకం మాట చేసి పెట్టాను.

తాత పోయాక చిన్నమ్మను ఆమె తమ్ముడు కోదాడ తీసుకుపోయాడు. అక్కడా వసారాలోనే కూర్చుంది. ఆ వీధి పిల్లలు, తర్వాత వాళ్ల పిల్లలు, సాయంత్రం కాగానే పలకలతో, పోను పోను నోటు పుస్తకాలతో వచ్చేవాళ్లు. ఇంట్లో మనుషులు మంచివాళ్లే, ఒక్క మాట అనలేదు. కానీ పిల్లలు వెళ్లిపోయాక ఆ వసారాలో ఆమె ఒక్కతే కూర్చుని చాప మీది బలపం పొడి అరచేత్తో పోగుచేస్తుండటం నేను ఎన్నిసార్లు చూశానో. లేచి లోపలికి పోవడానికి తొందరేమీ లేని మనిషిలా చేసేది ఆ పని.

నేను పంతులమ్మనయ్యాను. అడిగి మరీ మిర్యాలగూడకు వేయించుకున్నాను. ఎందుకో ఎవరికీ చెప్పలేదు, మీకు చెప్తున్నాను. ఆ మిల్లు ఎక్కడుండేదో వెతుకుదామని. అప్పటికే కాలువ నీళ్లు వచ్చి ఊరి చుట్టూ మిల్లులు మొలుస్తున్నాయి. పాత మిల్లు ఎక్కడని అడిగితే అందరూ నిన్నటిదాన్ని చూపించేవాళ్లు. కొన్నాళ్లకు అడగడం మానేశాను.

సెలవుల్లో కోదాడ పోయేదాన్ని. "కోదాడ పిల్లలకు చుక్కలు తక్కువ పడతాయే. నా చుక్కలన్నీ మీ సూర్యాపేటవాళ్లకే ఖర్చయ్యాయి" అని నవ్వేది. "నువ్వు మీ బడిలో చ చెప్తున్నావా?" అని అడిగేది. చెప్తున్నానని అనేదాన్ని. ఆ మాట మీద నా మాట ఎత్తుదామని ప్రతిసారీ అనుకునేదాన్ని. ఒక స కోసం క్షమించమని అడిగితే నవ్వుతుందేమోనని భయం. నవ్వకపోతే ఇంకా భయం. బస్సు టైమయిందని లేచేదాన్ని. కోదాడ బస్టాండులో నా అంత పిరికిది ఇంకొకతి ఉండేది కాదు.

మొన్న అన్నీ అయిపోయాక ఆమె తమ్ముడి కోడలు లోపలికి పోయి చిన్న గుడ్డ సంచీ తెచ్చింది.

"ఇది మీకివ్వమని రెండేళ్ల కిందటే చెప్పింది అక్కా. నేను విప్పలేదు" అంది.

అందులో ఏముంటుందో నాకు తెలుసు. వసారాలోకి వచ్చి, ఆమె కూర్చునే చోట కూర్చుని విప్పాను. మడతల దగ్గర వెనక నుంచి పలచని కాగితం అతికించి ఉంది. నా తొమ్మిదేళ్ల సిరా గోధుమరంగుకు తిరిగింది. మొదటి మూడు వరుసలూ ఆయన వంకరలతో అలాగే ఉన్నాయి. నాలుగో వరుసలో నా చ, చక్కని తలకట్టుతో, సిగ్గులేకుండా నిలబడి ఉంది. ఆమె దాన్ని కొట్టేయలేదు, గీకేయలేదు.

దాని పక్కన చుక్క పెట్టింది.

ఒక చుక్క కాదది. పెన్సిలుతో పెట్టినది, అది చెరిగితే సిరాతో పెట్టినది, దాని మీద మళ్లీ ఎప్పుడో బాల్‌పెన్నుతో పెట్టినది. ఏళ్ల తరబడి ఒకే చోట పెట్టీ పెట్టీ కాగితం అక్కడ చిల్లు పడింది. చ మీద పెత్తనం చేయకుండా పక్కనే ఉంది. రెండూ ఉండనీ అన్నట్టు. నేను చెప్పలేకపోయిన మాట ఆమెకు ఎప్పుడో అందింది. నేనే తెలుసుకోలేదు.

ముప్పై ఏళ్లు బడిలో పిల్లలకు చ నేర్పినదాన్ని నేను. చుక్క ఉన్నచోట ఎట్లా చదవాలో అట్లా, నాయనమ్మ మాట్లాడినట్టు, ఆయన అన్నట్టు, పైకి చదివాను. నిన్ను సూడాలని ఉన్నది. వినడానికి వసారాలో ఎవరూ లేరు. కాగితాన్ని అట్లాగే పట్టుకుని కూర్చున్నాను. సాయంత్రపు ఎండ ఆ చిల్లులోంచి దూరి నా చీర మీద చుక్కంత పడింది.